ఛార్జింగ్ పెట్టి పడుకునే కాలం

మా మేడ్చల్‌లో ఇప్పుడు ఏ ఇంటికి పోయినా ఇదే తంతు. బండి సెల్ఫ్ పట్టకపోతే సీటు విప్పి బ్యాటరీ పీకుతారు. తెచ్చి హాల్లో టీవీ పక్కన పెడతారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఛార్జర్ క్లిప్పులు తగిలించి, స్విచ్చి వేసి, అన్నం తిని పడుకుంటారు. ఎన్ని ఆంపియర్లు ఎక్కుతున్నాయి, బ్యాటరీ వేడెక్కిందా, సెల్లుల్లో నీళ్ళున్నాయా, గ్యాసు పోయే గొట్టం మూసుకుపోయిందా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "ఆటోమేటిక్ గదా తాతా, నిండినంక అదే ఆగుతది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మా రోజుల్లో బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడం ఒక మనిషి చేసే పని. ఆ పని నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టేది. నేర్చుకున్నవాడు కొట్టు పెట్టుకుని పొద్దంతా ఆ బ్యాటరీల మధ్యనే తిరిగేవాడు. ఇప్పుడు ఆ పని ప్రతి ఇంట్లోకీ వచ్చింది. రావడంలో తప్పు లేదు. కానీ పని వచ్చింది గాని, దాని పక్కన కూర్చునే మనిషి రాలేదు. నా గొడవంతా దీని గురించే.

నేను పని నేర్చుకున్న కొట్టు నాగపూర్ రోడ్డు మీద ఉండేది. ఇప్పుడు 44 అంటున్న ఆ జాతీయ రహదారికి అప్పుడు 7వ నంబరు. మాది అప్పుడు రంగారెడ్డి జిల్లా. మేడ్చల్ పేరుతో జిల్లా వచ్చింది 2016లో. ఇటు మేడ్చల్, అటు శామీర్‌పేట, మధ్యలో ఎటు చూసినా ద్రాక్ష తోటలు. ఇప్పుడు ఆ పందిళ్ళు లేవు, గోదాములూ వెంచర్లూ ఉన్నాయి. తోటల ఆసాములు బుల్లెట్ల మీద వచ్చేవాళ్ళు. పాలు పోసేవాళ్ళు రాజ్‌దూత్‌లకు రెండు పక్కలా క్యాన్లు వేలాడేసుకుని వచ్చేవాళ్ళు. స్కూలు సార్లకు జావాలు, యెజ్డీలు ఉండేవి. అన్నీ ఆరు వోల్టుల బ్యాటరీలే. మూడు సెల్లులు, మూడు మూతలు. నల్లటి డబ్బా, పక్కన సన్నటి గొట్టం. వాటితో పాటు ట్రాక్టర్లవి, లారీలవి, జీపులవి పన్నెండు వోల్టుల పెద్ద బ్యాటరీలు.

కొట్టులో గోడ పొడుగునా ఒక చెక్క బల్ల, దాని మీద బ్యాటరీలు వరసగా ఉండేవి. మూలన పెద్ద ఇనుప డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫైయర్, పైన ఆంపియర్ల ముల్లు. ఒక బ్యాటరీ ప్లస్సు నుంచి పక్క బ్యాటరీ మైనస్సుకు తీగ, అక్కడి నుంచి ఇంకోదానికి. ఇట్లా సీరీస్‌లో కలిపితే అన్నిటిలోంచి పారే కరెంటు ఒకటే. అందుకే మా ఉస్తాద్ బండ్ల బ్యాటరీలను లారీ బ్యాటరీల వరసలో ఎప్పుడూ కలపనిచ్చేవాడు కాదు. లారీ బ్యాటరీ తాగే కరెంటు బండి బ్యాటరీకి పెట్టడమంటే పసిబిడ్డ నోట్లో గంటెతో కూరడమే. చిన్నవాటికి వేరే వరస, తక్కువ కరెంటు, ఎక్కువ గంటలు.

లెక్క చాలా సులువు. బ్యాటరీ మీద ఎన్ని ఆంపియర్ అవర్లని ఉంటే అందులో పదో వంతు కరెంటు పెట్టాలి. ఐదు ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అర ఆంపియరు. పూర్తిగా దిగినదైతే పది పన్నెండు గంటలు పడుతుంది. తొందరపడి ఐదు ఆంపియర్లు పెడితే గంటలోనే బుడగలు పొంగి, ఆసిడ్ కాగి, లోపలి ప్లేట్లు వంగి, వాటికి పూసిన పదార్థం రాలిపోతుంది. బయటికి ఏమీ కనబడదు. రెండు నెలల తర్వాత బ్యాటరీ చచ్చిపోతుంది. అప్పుడు కంపెనీని తిట్టుకుంటారు. ఇవాళ్టికీ ఆ పదో వంతు లెక్క మారలేదు. చాలా బ్యాటరీల మీదే ఎంత కరెంటు, ఎన్ని గంటలు అని అచ్చు వేసి ఉంటుంది. ఫోన్లో రోజంతా చదివేవాళ్ళు తమ బండి బ్యాటరీ మీద ఉన్న ఆ ఒక్క ముక్క చదవరు.

మా కొట్టుకు బ్యాటరీ వస్తే దాని మీద సుద్దముక్కతో మూడు సంగతులు రాసేవాళ్ళం: ఎవరిది, ఏ రోజు వచ్చింది, హైడ్రోమీటర్‌లో ఎంత చూపింది. హైడ్రోమీటర్ అంటే రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం. సెల్లులో ముంచి ఆసిడ్ పీలిస్తే లోపలి తేలుడు ఎంత పైకి లేచిందో చూసి చెప్పేయవచ్చు. 1260, 1280 మధ్య ఉంటే నిండినట్టు. 1200 దగ్గర ఉంటే సగం. 1120, 1130కి వచ్చిందంటే ఖాళీ. ఇది ప్రతి సెల్లుకూ విడిగా చూడాలి. రెండు సెల్లులు 1260 చూపి మూడోది 1150 దగ్గరే ఆగిపోతే ఆ సెల్లు పోయినట్టు. ఎంతసేపు ఛార్జింగ్ పెట్టినా డబ్బులు దండగ. ఉస్తాద్ ఆ మాట గిరాకీ మొహం మీదే చెప్పేవాడు. ఛార్జింగ్ కూలి వస్తుంది కదా అని రాని ప్రాణానికి కరెంటు ఎక్కించేవాడు కాదు.

శనివారాలు మా కొట్టు ముందు నిలబడే జాగా ఉండేది కాదు. 1987, 1988లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం, ఆ తర్వాత మహాభారతం వచ్చేవి. చుట్టుపక్కల పల్లెల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. బ్లాక్ అండ్ వైట్ టీవీని కారు బ్యాటరీ మీద నడిపించేవాళ్ళు. సైకిల్ క్యారియర్‌కు బ్యాటరీ కట్టుకుని వచ్చి, "రేపు తొమ్మిదిన్నరకు రాముడు ఆగొద్దు ఉస్తాద్" అని చెప్పి పోయేవాళ్ళు. పెళ్ళిళ్ళ మైకు సెట్లకూ బ్యాటరీలే. ఆ రాత్రి ఉస్తాద్ ఇంటికి పోయేవాడు కాదు. కొట్టు తలుపులు రెండూ బార్లా తెరిచి మధ్యలో నులకమంచం వేసుకుని, గంట గంటకూ లేచి ఒక్కో బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూసేవాడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే దాన్ని వరసలోంచి తీసేసి చల్లారాక మళ్ళీ పెట్టేవాడు.

ఆ తలుపులు ఎందుకు తెరిచి ఉండాలో ఇప్పటి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. సీసం, ఆసిడ్ ఉన్న బ్యాటరీ నిండే దశకు వచ్చేసరికి లోపలి నీళ్ళు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా బయటికి వస్తాయి. గాలిలో హైడ్రోజన్ నూటికి నాలుగు పాళ్ళు చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా తేలిక కాబట్టి పైకప్పు కింద చేరుతుంది. మూసిన గదిలో, మెట్ల కింద అరలో, పూజగది పక్కన బ్యాటరీ పెట్టి ఛార్జింగ్ చేసేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. అగరొత్తి, దీపం, గ్యాసు పొయ్యి, సిగరెట్టు, ఏదైనా సరే. మా కొట్టులో బీడీ ముట్టించినవాడిని, వాడు ఎంత పెద్ద ఆసామి అయినా, ఉస్తాద్ రోడ్డు మీదికి పంపేవాడు.

నిప్పురవ్వ బయటి నుంచే రావాలని లేదు. కరెంటు పారుతుండగా క్లిప్పు లాగితే ఆ క్లిప్పు దగ్గరే రవ్వ పుడుతుంది. వాయువు ఉండేదీ అక్కడే. అందుకే మాకు మొదటి రోజు నేర్పిన పాఠం క్లిప్పుల వరస. ముందు బ్యాటరీకి క్లిప్పులు, ఎరుపు ప్లస్సుకు, నలుపు మైనస్సుకు. ఆ తర్వాతే గోడ స్విచ్చి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపాలి, కాసేపు ఆగాలి, తర్వాత క్లిప్పులు తీయాలి. బండిలోంచి విప్పేటప్పుడు ముందు మైనస్సు, తర్వాత ప్లస్సు. బిగించేటప్పుడు ముందు ప్లస్సు, చివర మైనస్సు. కారణం ఉంది. బండి ఇనుమంతా మైనస్సే. మైనస్ తీగ ఉండగానే ప్లస్సు విప్పబోతే పానా కాస్త జారి ఛాసిస్‌ను తాకిందంటే షార్టయి రవ్వలు లేస్తాయి. మైనస్సు ముందే తీసేస్తే పానా ఎక్కడ తాకినా ఏమీ కాదు. నేను ఎంతోమంది చేతుల్లో ఈ వరస తలకిందులుగా చూస్తున్నాను. వాళ్ళలో మెకానిక్కులూ ఉన్నారు.

"మూతలు తీసినవారా? కండ్లకు అద్దాలేవిరా?" అని రోజూ అరిచేవాడు మా ఉస్తాద్. మూతలు ఉన్న బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టే ముందు అవి విప్పాలి, పక్క గొట్టం మడత పడకుండా చూడాలి. నీళ్ళు రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు పోయకూడదు. మా వైపు బోరు నీళ్ళతో స్నానం చేసిన బకెట్టుకే తెల్లటి పొర కడుతుంది. ఆ ఉప్పులు ప్లేట్ల మధ్యకు పోతే బ్యాటరీకి చేటు. ఆసిడ్ కూడా పోయకూడదు. బ్యాటరీలోంచి ఆవిరైపోయేది నీళ్ళే, ఆసిడ్ లోపలే ఉంటుంది. బ్యాటరీ డల్‌గా ఉందని పైన ఆసిడ్ పోసి "పవర్ పెంచిన" కొట్లు ఇవాళ్టికీ ఉన్నాయి. అది ప్లేట్లను తినేస్తుంది. ఒంటి మీద ఆసిడ్ చుక్క పడితే ధారగా నీళ్ళు. కంట్లో పడితే పావుగంట ఆగకుండా కడిగి ఆసుపత్రికి పరుగు. నేల మీద పడితే వంట సోడా. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పట్టిన చిలుముకూ అదే మందు: సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వాజిలిన్ పూయాలి. బ్యాటరీ ముట్టుకున్న చేత్తో అన్నం తినకూడదు, సీసం విషం. ఈ మాటలన్నీ చదువు రానివాళ్ళకు కూడా కంఠతా వచ్చేవి.

మా రోజుల్లో అంతా మంచే జరిగిందని నేననను. పల్లెల్లో కొంతమంది ఇంటి కరెంటు తీగకు ఒక బల్బు, ఒక డయోడ్ కలిపి నేరుగా బ్యాటరీకి తగిలించేవాళ్ళు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అంటే 230 వోల్టుల లైను నేరుగా బ్యాటరీ టెర్మినల్ దాకా వచ్చి కూర్చుంటుంది. పట్టుకుంటే ప్రాణం పోతుంది. ఇప్పుడు ఆ బల్బు ఛార్జింగ్ వీడియోలుగా తిరుగుతోంది. వయసు పిల్లలు చూసి చేసుకుంటున్నారు. మేము వద్దని మానిపించిన పనిని మళ్ళీ నేర్పుతున్నారు. ఆ వీడియో చూసి చేయబోయేవాడు మీ ఇంట్లో ఉంటే చెయ్యి పట్టుకుని ఆపండి.

ఇక కొత్త బ్యాటరీ కొనే తీరు చూడండి. మా కొట్టులో కొత్త బ్యాటరీ అంటే ఎండు ప్లేట్లతో వచ్చేది. కొలత ప్రకారం ఆసిడ్ పోసి, ప్లేట్లు నానేదాకా ఆపి, అప్పుడు తక్కువ కరెంటుతో మొదటి ఛార్జింగ్ పెట్టేవాళ్ళం. గిరాకీ మర్నాడు రావాల్సిందే. అంత ఓపిక పట్టేవాళ్ళు కూడా. ఇప్పుడు ఆసిడ్ పోసిన పది నిమిషాల్లో బండిలో బిగించి పంపేస్తున్నారు. గిరాకీకి తొందర, కొట్టుకు తొందర. పసినాటనే సగం నిండిన బ్యాటరీ జన్మలో పూర్తిగా నిండదు. ఏడాదికే కొత్తది కొనాల్సి వస్తే ఆ తొందరకు కట్టిన వడ్డీ అది. మొదటి ఛార్జింగ్ పూర్తి చేసి ఇమ్మని అడగడం కొనేవాళ్ళ హక్కు. అడగండి.

అప్పట్లో బ్యాటరీ దిగితే బండి ఆగేది కాదు. పాత జావాను తోసి స్టార్ట్ చేసుకునేవాళ్ళం. ఆ తర్వాత వచ్చిన హీరో హోండాలు, ఆర్‌ఎక్స్ హండ్రెడ్‌లు బ్యాటరీ లేకపోయినా కిక్కు కొడితే కదిలేవి. హారన్, ఇండికేటర్ పనిచేయవు, అంతే. ఇప్పుడు పరిస్థితి వేరు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైట్ పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కార్బురేటర్ పోయి పెట్రోలును పిచికారీ చేసే ఇంజెక్టర్, దానికి పంపు, అన్నిటినీ నడిపించే చిన్న కంప్యూటర్ వచ్చాయి. ఇవన్నీ బ్యాటరీ మీదే బతుకుతాయి. చాలా బండ్లకు కిక్ రాడ్డే లేదు. దానికి తోడు మనవాళ్ళు సైరన్ హారన్లు, రంగు లైట్లు, జీపీఎస్, ఫోన్ ఛార్జింగ్ సాకెట్టు తగిలిస్తారు. బండి ఆగి ఉన్నా వాటిలో కొన్ని చుక్క చుక్కగా తాగుతూనే ఉంటాయి. బ్యాటరీ మీద ఆధారం పదింతలు పెరిగింది, దాన్ని చూసుకునే శ్రద్ధ పదో వంతుకు పడిపోయింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇది తేటతెల్లమైంది. కండ్లకోయ, గుండ్లపోచంపల్లి వైపు కాలేజీ పిల్లలు బండ్లు హాస్టళ్ళ ముందే వదిలి ఊళ్ళకు పోయారు. తిరిగి వచ్చేసరికి వరసగా అన్ని బండ్లూ చచ్చి ఉన్నాయి. సీసం బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి రాయిలా పేరుకుంటుంది. ఆ తర్వాత ఎంత కరెంటు పెట్టినా ఎక్కదు. ఊరికి పోయేటప్పుడు మైనస్ తీగ ఒక్కటి విప్పి పోతే చాలు. లేదా నెలకోసారి నిండా ఛార్జింగ్ పెట్టించాలి. "పక్కింటోనికి తాళం ఇచ్చినం తాతా, రోజూ రెండు నిమిషాలు స్టార్ట్ చేసిండు" అంటారు. సెల్ఫ్ కొట్టడానికి పోయిన కరెంటు కూడా ఆ రెండు నిమిషాల్లో తిరిగి రాదు. రోజుకింత రోజుకింత ఖాళీ అయిందే తప్ప నిండలేదు.

కొత్తవాటిలో మంచి లేదని నేననడం లేదు. ఇప్పటి సీల్డ్ బ్యాటరీ బోర్లాపడినా ఆసిడ్ ఒలకదు. బట్టలకు చిల్లులు పడవు. నీళ్ళు పోసే పని లేదు. అవి ఎక్కడో విదేశాల నుంచి ఊడిపడ్డవి కూడా కాదు. హైదరాబాద్ బ్యాటరీస్ పేరుతో 1977లో పుట్టిన హెచ్‌బీఎల్ మా శామీర్‌పేట మండలంలోనే కర్మాగారం పెట్టి విమానాలకు, రైళ్ళకు, రక్షణ శాఖకు బ్యాటరీలు చేసింది. గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి దగ్గర మొదలుపెట్టిన అమరరాజా నుంచి వచ్చిన అమరాన్ పేరు ఇవాళ దేశమంతా ఉంది. అదే సంస్థ లిథియం బ్యాటరీల కోసం మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో శంకుస్థాపన చేసుకుంది. బ్యాటరీ చేయడంలో తెలుగువాళ్ళు ఇంత పేరు తెచ్చుకున్నారు. ఆ కర్మాగారాల గోడ పక్క కాలనీలో ఉన్న ఇంట్లో మాత్రం ఛార్జర్ ఏది వాడాలో తెలియదు. నాకు బాధ కలిగించేది ఇదే.

సీల్డ్ బ్యాటరీకి మూతలు లేవు కాబట్టి భయం లేదనుకుంటారు. దానికి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ నిండాక కూడా తోస్తూనే ఉంటుంది. మూతలున్న బ్యాటరీ అయితే పోయిన నీళ్ళు మళ్ళీ పోసుకోవచ్చు. సీల్డ్ బ్యాటరీలో పోయిన నీళ్ళు పోయినట్టే. లోపల ఎండిపోయి, వేడెక్కి, పక్కలు ఉబ్బుతాయి. దానికి వోల్టేజీని పద్నాలుగున్నర దాటనివ్వని, నిండాక తగ్గించే ఛార్జర్ కావాలి. అర ఆంపియరో ఒక ఆంపియరో ఇచ్చే బండి ఛార్జర్ కొనాలి. కారు ఛార్జర్ పనికిరాదు, ఇన్వర్టర్ అసలే పనికిరాదు. మంచి ఆటోమేటిక్ ఛార్జర్ నిజంగానే తగ్గిస్తుంది. కానీ లోపల ఒక సెల్లు షార్టయిన బ్యాటరీ ఎప్పటికీ నిండదు. నిండలేదు కాబట్టి ఛార్జర్ తోస్తూనే ఉంటుంది. అది కనిపెట్టడానికి మనిషి చెయ్యే కావాలి. ఉబ్బిన బ్యాటరీకి, పగిలిన బ్యాటరీకి ఛార్జింగే పెట్టకూడదు.

ఇంట్లో చేసుకునేవాళ్ళు ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. కొన్ని వందల రూపాయలకు వస్తుంది. ఛార్జింగ్ తీసేసి రెండు మూడు గంటలు ఆగాక కొలిస్తే 12.6 నుంచి 12.8 ఉండాలి. 12.4 అంటే ముప్పావు. 12 అంటే దాదాపు ఖాళీ. నిండా పెట్టినా పదిన్నర దగ్గరే నిలబడితే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టు. బ్యాటరీ బాగానే ఉండి వారానికోసారి దిగిపోతుంటే తప్పు బండిది. ఇంజిన్ నడుస్తుండగా రేజ్ చేసి కొలవండి. పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర రావాలి. రాకపోతే మ్యాగ్నెట్ కాయిలో రెగ్యులేటరో చూపించుకోవాలి. వారం వారం ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుంటూ పోతే రోగం వదిలేసి జ్వరం మాత్ర మింగినట్టే అవుతుంది.

బ్యాటరీని బండిలోంచి తీసి, గాలి ఆడే వరండాలోనో సెల్లార్ తలుపు దగ్గరో, సిమెంటు గచ్చు మీదో రాతి పలక మీదో పెట్టండి. పరుపు, సోఫా, చెప్పుల స్టాండు దగ్గర వద్దు. సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గుకు తగిలించండి. పిల్లలకు అందకూడదు. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం వద్దు. పొద్దున మొదలుపెడితే మీరు మెలకువగా ఉన్న గంటల్లోనే అయిపోతుంది. గంటకోసారి పోయి చూడండి. చివరికి పనికిరాని బ్యాటరీని చెత్తబండిలో వేయకండి, తుక్కువాడికీ ఇవ్వకండి. పగలగొట్టి ఆసిడ్ మోరీలో పోసి సీసం కరిగిస్తారు. కొత్తది అమ్మినవాళ్ళు పాతది తీసుకోవాలని 2001 నుంచే నిబంధన ఉంది. డబ్బు కూడా తగ్గిస్తారు.

ఇప్పుడు దీనికన్నా పెద్ద సంగతి చెప్పాలి. కరెంటు స్కూటర్లు వచ్చాయి. వాటిలో ఉండేది లిథియం. మా పాత బ్యాటరీకీ దీనికీ పోలిక లేదు. సీసం బ్యాటరీతో ఆసిడ్ చిమ్ముతుంది, హైడ్రోజన్ అంటుకుంటుంది. లిథియంలో ఒక్క సెల్లు లోపల షార్టయితే దాని వేడి పక్క సెల్లును, అది ఇంకోదాన్ని అంటించుకుంటూ నిమిషాల్లో మొత్తం డబ్బా మంటవుతుంది. దుప్పటి కప్పితే ఆరదు. దాని పొగ విషం.

2022 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. మా మేడ్చల్ స్టేషన్ మీదుగా పోయే రైలు పట్టాలే నిజామాబాద్ పోతాయి. ఆ నిజామాబాద్‌లో ఒక ఇంట్లో రాత్రి స్కూటర్ బ్యాటరీ విప్పి హాల్లో ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు. తెల్లవారకముందే పేలింది. ఆ గదిలో నిద్రపోతున్న ఎనభై ఏళ్ళ పెద్దాయన పోయాడు. కొద్దిరోజులకే విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు. బండి కొని ఒక్కరోజే అయింది. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ మెట్లదారి పట్టుకుని పై అంతస్తులకు ఎక్కి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. ఆ మొదటి రెండు ఇళ్ళలో వాళ్ళు చేసింది ఇవాళ మన ఇళ్ళలో అందరూ చేస్తున్నదే. ప్లగ్గు పెట్టారు, పడుకున్నారు. తప్పు వాళ్ళదని నేననను. అట్లా పెట్టకూడదని వాళ్ళకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు.

ఆ మంటల తర్వాత కేంద్రం వేసిన నిపుణుల సంఘానికి హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ డైరెక్టర్ టాటా నరసింగరావు నాయకత్వం వహించారు. బ్యాటరీ ప్రమాణాలు గట్టివయ్యాయి. కొత్త నిబంధనలు 2022 డిసెంబర్‌లో కొన్ని, 2023 మార్చి చివర మిగిలినవి అమల్లోకి వచ్చాయి. ఒక సెల్లులో షార్టయితే అది మంటగా మారకుండా చూడాలన్నది వాటిలో ముఖ్యమైనది. చాలా మంచి పని. కానీ ఆ తేదీలకు ముందు కొన్న బండ్లు ఇంకా రోడ్ల మీద ఉన్నాయి. పగిలిన బ్యాటరీకి చవకగా సెల్లులు మార్చి ఇచ్చే కొట్లూ ఉన్నాయి. మా కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా, అల్వాల్ నుంచి శామీర్‌పేట దాకా డెలివరీ పిల్లలు పొద్దంతా బండి నడిపి, వేడివేడిగా ఉన్న బ్యాటరీని గదికి తెచ్చి వెంటనే ప్లగ్గు పెడతారు. నలుగురు పడుకునే గది, ఒకటే తలుపు, ఆ తలుపు పక్కనే బ్యాటరీ. ఆ బిడ్డలను తలుచుకుంటే నాకు భయమేస్తుంది.

వాళ్ళకు నేను చెప్పేది ఇదే. బండి ఆపాక గంటైనా చల్లారనివ్వండి. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. పడుకునే గదిలో, బయటికి పోయే దారిలో, మెట్ల కింద వద్దు. కింద పడినది, నీళ్ళలో మునిగినది, ఉబ్బినది, వాసన వచ్చేది అయితే ఆ పూటకే వాడకం ఆపి కంపెనీ సర్వీసుకు చూపించండి. పొగ కనబడితే బ్యాటరీని మోసుకుని బయటికి పరుగెత్తే సాహసం వద్దు. మనుషులు బయటికి రావాలి, వెనక తలుపు మూయాలి, 101కి ఫోన్ చేయాలి. బండి మళ్ళీ కొనుక్కోవచ్చు.

అపార్ట్‌మెంట్ల సంఘాలవాళ్ళకూ ఒక మాట. గేటుకు రంగులు, లిఫ్టుకు అద్దాలు పెట్టడానికి చందాలు వేస్తారు. మెట్లకు దూరంగా, గాలి ఆడేచోట, వేరే ఎంసీబీ, మంచి ఎర్తింగ్ ఉన్న ఛార్జింగ్ జాగా ఒకటి కట్టండి. అది లేకనే ఐదో అంతస్తుకు బ్యాటరీలు మోస్తున్నారు. హాస్టల్ పెట్టినవాళ్ళకూ, డెలివరీ పిల్లలకు గదులు అద్దెకిచ్చేవాళ్ళకూ ఇదే మాట. పురపాలకవాళ్ళు దుకాణానికి లైసెన్సు ఇచ్చే ముందు పై అంతస్తుల్లో ఎవరున్నారో, వాళ్ళు దిగే దారి ఎటో చూడాలి.

మా ఉస్తాద్‌కు చదువు రాదు. హైడ్రోజన్ అనే పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అయినా తలుపు తెరిచి పెట్టేవాడు, మంచం పక్కన వేసుకునేవాడు, గంట గంటకూ చెయ్యి పెట్టి చూసేవాడు. మీకు ఆయనకు లేని మీటర్లున్నాయి, తెలివైన ఛార్జర్లున్నాయి, చదువుంది. వాటికి ఒక్క అలవాటు జోడించండి. బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉన్నంతసేపు ఇంట్లో ఒక పెద్దమనిషి మెలకువగా ఉండాలి. అందరూ పడుకునే వేళకు ప్లగ్గు గోడలోంచి బయట ఉండాలి. మీ పిల్లలకు మొదటిసారి బండి తాళాలు చేతిలో పెట్టిన రోజే ఈ మాట కూడా చెప్పండి.